తాతగారి బీరువాలో త్రీ నాట్ త్రీ: ముందు కాగితం, తర్వాత నూనె

ప్రశ్న: మాది బర్కత్‌పుర. నిరుడు నాన్నగారు పోయారు. పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే తాతయ్య ఇనప బీరువాలో దుప్పటి చుట్టిన రైఫిల్ ఒకటి, గుడ్డమూటలో 14 తూటాలు, తాతయ్య పేరు మీద లైసెన్సు పుస్తకం దొరికాయి. ఆఖరి రెన్యువల్ 1998తో అయిపోయింది. పుస్తకంలో '.315 రైఫిల్' అని రాసుంది. తుపాకీ మీద మాత్రం కిరీటం, దాని కింద జీఆర్ఐ, ఇషాపూర్, 1942, ఎస్‌హెచ్‌టి ఎల్ఈ, మూడు నిలువు గీతలు, పక్కన నక్షత్రం గుర్తు ఉన్నాయి. తూటాల అడుగున కేఎఫ్ అని ఉంది. ఒకటి పెట్టి చూశాను, సరిగ్గానే దూరింది. గొట్టం లోపల ఎర్రగా ఉంది. ట్రిగ్గర్ పైభాగంలో చెక్క నిలువునా చీలింది. కొబ్బరినూనె పట్టించమని బాబాయి అంటున్నారు. బేగంబజార్లో బఫింగ్ చేయించి, నికెల్ పూత వేయించి హాల్లో గోడకు తగిలించమని బావగారు. నాకైతే ఒక్కసారి పేల్చి చూడాలనుంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా భయపెట్టింది 'ఒకటి పెట్టి చూశాను' అన్న మాట. మీ దానిలాంటి లీ ఎన్‌ఫీల్డ్ రకం రైఫిల్లో బోల్ట్‌ను (తూటాను లోపలికి నెట్టి వెనక నుంచి మూసే, పిడి ఉన్న కడ్డీని) ముందుకు నెట్టేటప్పుడే స్ప్రింగు బిగుస్తుంది. అంటే తూటా దూర్చి బోల్ట్ పిడి కిందికి దించిన క్షణానికి ఆ తుపాకీ పేలడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఏళ్ల తరబడి దుప్పట్లో పడున్న ట్రిగ్గర్ పళ్లు ఎంత అరిగాయో మీకు తెలీదు. చిన్న కుదుపుకి జారినా జారొచ్చు. తూటా దూరినంత మాత్రాన అది ఆ తుపాకీదే అని కూడా కాదు. గొట్టం వెనక తూటా కూర్చునే గది వెడల్పుగా ఉంటే సన్న తూటా హాయిగా దూరుతుంది. పేలినప్పుడు ఇత్తడి తొడుగు చిరిగి, వేడి వాయువు వెనక్కి, మీ కంటి మీదికి తంతుంది. బోరు (గొట్టం లోపలి వెడల్పు) కనుక్కోడానికి తూటా దూర్చి చూడటం అన్న పద్ధతే లేదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. మూతిని మనుషులు లేని వైపు, ఇటుక గోడ వైపు తిప్పండి. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచండి. ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేయండి. దాని గొళ్లెం ట్రిగ్గర్ గార్డు లోపల, ముందువైపు ఉంటుంది, పైకి నొక్కితే పెట్టె ఊడొస్తుంది. తర్వాత బోల్ట్ పూర్తిగా వెనక్కి లాగి, లోపల టార్చి వేసి చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడండి. ఖాళీ అని రెండుసార్లు తేలాక రైఫిల్ ఒక గదిలో, తూటాలు వేరే బీరువాలో, రెండిటికీ తాళం. తూటాల లెక్క రాసిపెట్టండి. వాటిని చెత్తలో వేయడం, మూసీలో పడేయడం, గుండు ఊడబెరకడం లాంటి పనులేవీ వద్దు. తూటాలు కూడా లైసెన్సు కిందికే వస్తాయి.

ఇక కాగితాల సంగతి. నూనెల కన్నా ముందు ఇదే తేలాలి. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం, లైసెన్సు గడువు తీరి ఆయుధం దగ్గరుంచుకునే హక్కు పోయినప్పుడు దాన్ని 'అనవసరమైన ఆలస్యం లేకుండా' దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. లైసెన్సుదారుడు చనిపోతే ఆ బాధ్యత వారసుడిది. తర్వాత లైసెన్సు తెచ్చుకుని వెనక్కి తీసుకునే హక్కు, అర్హత ఉన్నవాళ్లకు అమ్ముకునే హక్కు కూడా అదే సెక్షన్ ఇస్తుంది. కాబట్టి డిపాజిట్ చేస్తే తాతగారి వస్తువు పోయినట్టే అనుకోకండి. డిపాజిట్ చేయకుండా ఉంచుకుంటేనే ఇబ్బంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని మామూలు బోరు తుపాకీకి శిక్ష 2 నుంచి 5 ఏళ్లు. నిషిద్ధ బోరు అయితే 7 నుంచి 14 ఏళ్లు. మీ రైఫిల్ రెండో రకమే అయ్యే అవకాశం ఎక్కువ. ఎందుకో కింద చెబుతాం.

ఆటోలోనో కారు డిక్కీలోనో వేసుకుని స్టేషన్‌కు పోకండి. లైసెన్సు లేకుండా తరలించడం ఇంకో నేరం. ముందు స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు లిఖితపూర్వకంగా తెలపండి. తాతగారి మరణం, నాన్నగారి మరణం, ఫలానా తేదీన ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికింది, ఇన్ని తూటాలు, లైసెన్సు పుస్తకం నకలు జతచేశాం, డిపాజిట్ చేసుకోండి అని రాస్తే చాలు. వాళ్లు మనిషిని పంపుతారు, లేదా ఎలా తేవాలో చెబుతారు. రసీదులో 'పాత తుపాకీ 1' అని గీకించుకుని రావొద్దు. నాలుగు చోట్ల నంబర్లు రాయించండి: రిసీవర్ (బోల్ట్ నడిచే ఇనప ఒడి) ముందు కడియం మీద, బోల్ట్ పిడి వెనక, మూతి దగ్గరి నోస్‌క్యాప్ మీద, వెనక సైటు పలక అడుగున. ఈ నాలుగూ ఒకటేనా కాదా అన్నది తర్వాత దాని విలువకూ, భద్రతకూ కూడా ముఖ్యం. చెక్క చీలిక, తుప్పు మచ్చలు కనిపించేలా ఫోటోలు తీసి తేదీ వేయండి. వీలైతే స్టేషన్ కన్నా డీలరు దగ్గర పెట్టడం మేలు. నెలకు కొంత అద్దె పడుతుంది గానీ, స్టేషన్ గదిలో నాలుగు వానాకాలాలు గడిపిన రైఫిల్ గొట్టం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వారసులకు లైసెన్సు ఇచ్చే వీలు 2016 ఆయుధ నియమాల్లో ఉంది. ఏ-1 ఫారం, మరణ ధ్రువపత్రాలు, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రాలు (మీ అత్తయ్యల సంతకాలు కూడా), పాత లైసెన్సు అసలు పుస్తకం, వైద్య ధ్రువపత్రం, భద్రతా శిక్షణ సర్టిఫికెట్, ఇంట్లో భద్రంగా ఉంచుతామన్న హామీపత్రం. నగరంలో దరఖాస్తు వెళ్లేది పోలీస్ కమిషనర్ దగ్గరికి. ఇప్పుడు లైసెన్సు గడువు 5 ఏళ్లు. ఒకరికి రెండు తుపాకులకు మించి కుదరదు, వారసత్వంగా వచ్చింది కూడా ఆ లెక్కలోదే. బీరువాలో ఇంకేమైనా పాత కాగితాలుంటే, అర్థం కాని ఉర్దూలో ఉన్నా సరే, పారేయొద్దు. 1948కి ముందు నిజాం సర్కారు కాగితాలు ఎక్కువగా ఉర్దూలోనే ఉండేవి. ఆ రైఫిల్ మీ ఇంటికి ఎలా వచ్చిందో చెప్పే సాక్ష్యం అందులోనే ఉండొచ్చు.

'తుప్పు పట్టింది కదా, పురాతన వస్తువు కిందికి రాదా' అని ఎవరో ఒకరు మీతో అంటారు. 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరాని దానికి. తుప్పు పట్టింది, ఫైరింగ్ పిన్ను తీసేశాం అంటే ఆ మాటకు సరిపోదు. ఆ రెండూ మరమ్మతుతో బాగయ్యేవే. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ నియమాలు సవరించి, క్యూరియో (అపురూపమైన పాత వస్తువు) కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదంది. వాడాలన్నా, మోసుకెళ్లాలన్నా మాత్రం లైసెన్సు కావాలి, లైసెన్సులో ఎక్కించకుండా తూటాలు అమ్మరు. మీ రైఫిల్ ఆ కోవలోకి వస్తుందో రాదో మీరో, మేమో, బావగారో తేల్చేది కాదు. లైసెన్సింగ్ అధికారి రాతపూర్వకంగా చెప్పాలి. అప్పటిదాకా గోడ మేకు మాట మరిచిపోండి.

ఇప్పుడు అసలు చిక్కుముడి. పుస్తకంలో .315, ఇనుము మీద ఇంకోటి. మీరు రాసిన ముద్రలు చదివితే అది షార్ట్ మ్యాగజైన్ లీ ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 స్టార్. పశ్చిమ బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో 1942లో తయారైంది. జీఆర్ఐ అంటే జార్జి రాజు, భారత చక్రవర్తి అన్న లాటిన్ మాటల పొడి అక్షరాలు. నక్షత్రం 1916లో వచ్చిన మార్పుకు గుర్తు: యుద్ధంలో పని తొందరగా అవ్వాలని మ్యాగజైన్ కట్ఆఫ్‌ను (పెట్టెలోంచి తూటాలు పైకి రాకుండా ఆపే పలకను), దూరాన గుంపు మీద కాల్చే పక్క సైట్లను తీసేశారు. ఈ రైఫిల్ పుట్టుకతో .303. పది తూటాల పెట్టె, గొట్టం పొడవు 25.2 అంగుళాలు, గొట్టం లోపల ఎడమవైపు తిరిగే అయిదు గాళ్లు (చాళ్లు), బరువు సుమారు 3.9 కిలోలు. పోలీసు బందోబస్తుల్లో, ఎన్‌సీసీ పరేడుల్లో మనవాళ్లు 'త్రీ నాట్ త్రీ' అని చూస్తూ వచ్చింది ఇదే.

మన చట్టంలో నిషిద్ధ బోరు అంటే ప్రధానంగా ఇదే. .303, 7.62 మి.మీ. సర్వీసు తూటా పట్టే బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు, .410 మస్కెట్లు ఆ జాబితాలో ఉన్నాయి. సైన్యం తూటా జనం తుపాకీలో పేలకూడదన్నది తెల్లదొరల నాటి జాగ్రత్త. అందుకే మామూలు జనానికి .315 రైఫిల్ తయారయింది. అది ఆస్ట్రియా మాన్‌లిఖర్ 8 మి.మీ. తూటా మీద కట్టిన బోరు. చూడ్డానికి లీ ఎన్‌ఫీల్డ్ తోబుట్టువులాగే ఉంటుంది. బోల్ట్ అలాంటిదే, కుందా (భుజానికి ఆనించే వెనక చెక్క) అలాంటిదే. కానీ ముందు చెక్క పొట్టిది, మూతి దాకా రాదు, మూతి దగ్గర మొద్దు ముక్కులాంటి నోస్‌క్యాప్ ఉండదు.

కాబట్టి ముందుగా లైసెన్సు పుస్తకంలో ఉన్న నంబరు, రిసీవర్ కడియం మీది నంబరు కలుస్తున్నాయా చూడండి. కలిస్తే గుమాస్తా బోరు తప్పు రాసి ఉండొచ్చు, లేదా గొట్టం మార్చి ఉండొచ్చు. కలవకపోతే తాతగారి .315 వేరే ఎక్కడో ఉంది, ఇది ఇంకో తుపాకీ. ఆ సంగతి మీ అంతట మీరే ముందుగా పోలీసులకు చెప్పడం మంచిది.

డీలరు దగ్గరి గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) మూతిని వెర్నియర్‌తో కొలుస్తాడు. .303కు గాళ్ల మధ్య గట్ల కొలత 7.70 మి.మీ., .315కు 8.00, .410 మస్కెట్‌కు 10.4, పైగా గాళ్లే ఉండవు. ఇక్కడో మెలిక ఉంది. గొట్టం తుడవడానికి గుడ్డ కట్టి లాగే పుల్‌త్రూ తాడు ఏళ్ల తరబడి మూతి అంచుకు ఒరుసుకుంటే .303 మూతి అరిగి 8 మి.మీ. దగ్గరికి పోతుంది. అందుకని మూతి కొలత ఒక్కదాన్నీ నమ్మకుండా గది అచ్చు పోయించాలి. మ్యాగజైన్లో చెక్క దిమ్మ బిగించి, ఒక్కో తూటా పెట్టి కాల్చేలా ఉంటే అది .410 మస్కెట్. కాపలా పోలీసుల కోసం ఇషాపూర్‌లోనే ఎన్‌ఫీల్డ్‌లను అలా మార్చారు. పేరు చూసి మామూలు .410 షాట్‌గన్ తూటా దానికి సరిపోతుందనుకునేరు, దాని గది వేరు.

ఇంకొన్ని ముద్రలు వెతకండి. బాణం గుర్తు కింద ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వ సైనిక ఆస్తి. రెండు బాణాలు మొన మొన తాకుతూ ఎదురెదురుగా ఉంటే సైన్యం దాన్ని అమ్మేసిందని అర్థం. ఈ రెండో గుర్తు మీ దరఖాస్తుకు చాలా బలం. డీపీ అని ఉంటే డ్రిల్లుకు మాత్రమే, కాల్చడానికి పనికిరాదని పక్కన పెట్టింది. ముందు చెక్క చుట్టూ రాగితీగ బిగుతుగా చుట్టి ఉంటే గ్రెనేడ్లు విసరడానికి వాడింది, దాని గొట్టం, రిసీవర్ పడిన దెబ్బలు అన్నీ ఇన్నీ కావు. ఇక సరిహద్దు కొండల్లో సుత్తితో, ఆకురాయితో చేసిన నకళ్లు వేరే జాతి. కిరీటం కింద వీఆర్ అని ఉండి, సంవత్సరం 1907 అనో 1915 అనో ఉంటే అది నకలే. విక్టోరియా రాణి 1901 జనవరిలోనే పోయింది. ఎన్ అక్షరం తిరగబడి ఉన్నా అంతే. మీది అలాంటిది కాదనే అనిపిస్తోంది, అయినా చూడండి.

ఇక మీ కోరిక. అది .303 అని తేలితే, సూటిగా చెబుతున్నాం, పేల్చే ఆశ వదులుకోండి. నిషిద్ధ బోరుకు కేంద్ర హోంశాఖ అనుమతి కావాలి. దొరికినా ఆ తూటా బజారులో అమ్మరు. మీ దగ్గరున్న 14 అసలే పనికిరావు. కేఎఫ్ అంటే పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ, పక్కన ఉండే రెండంకెలు సంవత్సరం. ఆ కాలపు తూటాల్లో కార్డైట్ అనే సన్న పుల్లల్లాంటి మందు ఉంటుంది. దశాబ్దాలు బీరువా వేడిలో ఉంటే అది చెడుతుంది, ఇత్తడి మెడ పగులుతుంది. ట్రిగ్గర్ నొక్కాక ఒకట్రెండు సెకన్లు ఆగి పేలే తూటాలు ఇలాంటివే. 'పేల్లేదే' అని బోల్ట్ తెరిచినవాడి చేతిలో పేలుతుంది. అందుకే రేంజిలో ఏ తూటా పేలకపోయినా కనీసం ఒక నిమిషం మూతి లక్ష్యం వైపే పట్టి ఉంచాలన్నది.

ఒకవేళ .315 అని తేలి, లైసెన్సు మీ పేరున వచ్చిందే అనుకుందాం. కొత్త తూటాలు డీలరు దగ్గర లైసెన్సులో ఎక్కించుకుని కొనాలి. కాల్చే చోటు కూడా అడిగి తెలుసుకోవాలి. ఎయిర్ రైఫిల్, .22 కోసం కట్టిన 10, 25, 50 మీటర్ల రేంజిల్లో ఈ స్థాయి తూటాను ఆపే దిబ్బ ఉండాలని లేదు. ఊళ్లో పొలం, మామిడితోట అన్న మాట ఎత్తొద్దు.

కాల్చే ముందు గన్‌స్మిత్ చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. గొట్టం లోపల దీపం వెలుగులో ఎక్కడైనా నల్లటి ఉంగరంలా నీడ పడితే అక్కడ ఉబ్బింది అని. ఏనాడో అడ్డం ఉండగా పేల్చి ఉంటారు. ఆ గొట్టం పని అయిపోయింది. తర్వాత హెడ్‌స్పేస్, అంటే తూటా అడుగు అంచు ఆనే గది మూతికీ బోల్ట్ ముఖానికీ మధ్య దూరం. .303లో ఈ కొలత 0.064 అంగుళం నుంచి 0.074 అంగుళం మధ్యే ఉండాలి. మొత్తం వెసులుబాటు పావు మిల్లీమీటరు. అంతకు మించితే తూటా తొడుగు ప్రతి పేలుడుకూ వెనక్కి సాగి, అడుగు దగ్గర మెరిసే గీత పడి, ఓ రోజు రెండు ముక్కలవుతుంది. ముందు ముక్క గదిలోనే ఇరుక్కుంటుంది. .315కు ఆ బోరు గేజీతోనే చూడాలి, .303 గేజీతో కాదు. బోల్ట్ నంబరు, రిసీవర్ నంబరు కలవాలని ఇందాక అన్నది కూడా ఇందుకే. లీ బోల్ట్ వెనక పళ్లతో పట్టుకుంటుంది. ఆ పళ్లను ఆ రిసీవర్‌కే రాచి కూర్చోబెట్టారు. ఇంకో దాని బోల్ట్ పెడితే ఒక పన్నే బరువంతా మోస్తుంది. కాల్చే ముందు గొట్టం, గది నూనె లేకుండా పొడిగా తుడవాలి. నూనె ఉంటే తూటా తొడుగు గది గోడను పట్టుకోదు, దెబ్బంతా బోల్ట్ మీద పడుతుంది.

పాత తూటాలు కాల్చిన గొట్టం ఎర్రబడటానికి కారణం మందు కాదు, తూటా అడుగున పిన్ను తగిలే టోపీలోని రసాయనం. పేలాక అది ఉప్పును మిగులుస్తుంది. ఉప్పు గాల్లోని తేమ పీల్చి ఇనుమును తింటుంది. నూనెలో ఉప్పు కరగదు, ఎంత పోసినా కింద తుప్పు నడుస్తూనే ఉంటుంది. కరిగించేది నీళ్లే. పాత ఫౌజీలు గొట్టంలో మరిగే నీళ్లు పోసేది అందుకు. బోల్ట్ తీసి, మూతి కిందికి పెట్టి, గది వైపు నుంచి పొడవాటి గరాటుతో ఒక లీటరు సలసల కాగే నీళ్లు పోయాలి. చెక్క మీద పడకూడదు. వేడికి ఇనుము దానంతటదే ఆరుతుంది. ఆపైన పొడిగుడ్డ, ఆపైన పలచటి నూనె. మూడు రోజులు వరసగా గుడ్డ తీసి చూడాలి. రెండోనాడు మళ్లీ ఎరుపు వస్తే ఉప్పు మిగిలినట్టే, నీళ్లు మళ్లీ పోయాలి.

మీ గొట్టంలో ఉన్న పాత ఎరుపుకు, రైఫిల్ చట్టబద్ధంగా మీ చేతికొచ్చాక, గది వైపు నుంచే రాడ్డు దూర్చాలి. మూతి వైపు నుంచి దూర్చితే మూతి అంచు అరుగుతుంది, గురి పోయేది అక్కడే. నూనె తడిపిన కంచు బ్రష్షుతో పది సార్లు తోసి, గుడ్డతో తుడిచి, ఓ రాత్రి నూనె పట్టించి వదిలి, మళ్లీ మొదలు. నాలుగైదు రోజులు పట్టినా తొందర వద్దు. ఎరుపు పోయాక గుంటలు మిగిలితే మిగలనీండి. గుంటలున్న గొట్టాలు కూడా సరిగ్గానే కాలుస్తాయి, కాకపోతే వాటిని శుభ్రం చేయడం ఎక్కువ పని. పుల్‌త్రూ వాడితే 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ఫ్లానెల్ చిందీ సరిపోతుంది. తాడును సూటిగా లాగాలి, మూతి అంచుకు ఒరుసుకోకూడదు.

కొబ్బరినూనె వద్దని బాబాయిగారికి మెల్లగా చెప్పండి. వంట నూనెలు చాలావరకు గాలి తగిలి బంకలా గట్టిపడతాయి, కొబ్బరినూనె చలికే గడ్డకడుతుంది, కొన్నాళ్లకు బోల్ట్ కదలదు. కుట్టుమిషన్ నూనె తాత్కాలికంగా ఫరవాలేదు గానీ పలచన, జారిపోతుంది. డబ్ల్యూడీ-40 తేమను తరుముతుంది, కాపలా మాత్రం ఎక్కువ రోజులు కాయదు. కిరోసిన్ పాత జిడ్డు కడగడానికే. మంచి గన్ ఆయిల్ రెండు చుక్కలు గుడ్డకు అద్ది, ఇనుమంతా పలచగా తుడవడమే అసలు పద్ధతి. చేత్తో ముట్టినప్పుడల్లా మళ్లీ తుడవాలి, చెమటలో ఉప్పు ఉంటుంది కదా.

బఫింగ్ మాట వింటేనే ప్రాణం ఉసూరుమంటోంది. ఆ చక్రం కింద ముద్రలు, కిరీటం, నంబర్లు అరిగిపోతాయి. నంబరు చెరిగిన తుపాకీ అంటే దాన్ని చూసే పోలీసు కళ్లే వేరు. ఎనభై ఏళ్లుగా పట్టిన గోధుమ నలుపు పొర కింది ఇనుముకు రక్ష కూడా. నికెల్ వేశాక అది పెళ్లి ఊరేగింపు కత్తిలా ఉంటుంది, పాత సైనిక రైఫిల్ మాత్రం కాదు. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీకి ఓసారి బావగారిని తీసుకెళ్లండి. పైపై ఎర్ర తుప్పు పోవాలంటే నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌ను నూనెలో ముంచి, గట్టిగా నొక్కకుండా రుద్దితే చాలు, లేదా రాగి రేకు ముక్కతో గీకండి. ఎమరీ కాగితం ఇంట్లో ఉంటే దాచేయండి.

చెక్క చీలిక గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అది మీ రైఫిల్ అసలు జబ్బు. పేలినప్పుడు ఇనుమంతా వెనక్కి తన్నేది ముందు చెక్క వెనక భాగంలోని రెండు చిన్న మెట్ల మీదికి. చెక్క బిగుతుగా ఉన్నన్నాళ్లూ ఆ మెట్లు దెబ్బను కాస్తాయి. హైదరాబాద్ మే నెల ఎండకు ఇనప బీరువాలో చెక్క ఎండి ముడుచుకుంటుంది, ఆగస్టు ముసురుకు ఉబ్బుతుంది. ఇలా ఏళ్లు గడిస్తే సందు వస్తుంది. అప్పుడు పేలిస్తే ఇనుము సుత్తిలా మెట్లను కొట్టి, చెక్క నడుమ నిలువునా చీలుతుంది. మీది అదే చోట చీలింది. దీన్ని బాగుచేయకుండా కాల్చితే, బోరు ఏదైనా, చీలిక ముందుకు పాకుతుంది. మెట్ల దగ్గర గట్టి చెక్క ముక్క అతికి, ఎపాక్సీ పోసి, సన్న ఇత్తడి పిన్ను అడ్డంగా దించడం దీనికి పని. ఫెవికాల్ పూసి క్లాంపు వేస్తే పైకి అతుక్కున్నట్టుంటుంది, లోపల మెట్లు అరిగినవి అరిగినట్టే.

ఇంకో హెచ్చరిక, దీనికి ఎన్ని కుందాలు బలయ్యాయో లెక్కలేదు. వెనక కుందా ఊడదీయడానికి ఇత్తడి మూత తెరిచి పొడుగు స్క్రూడ్రైవర్ దూర్చాలనిపిస్తుంది. ఈ మోడల్లో ఆ బోల్ట్ చివర నలుచదరంగా ఉండి, ముందు చెక్క వెనక అంచులో ఉన్న చిన్న పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందు చెక్క తీయకుండా దాన్ని తిప్పితే ఆ చెక్క వెనక భాగం ఫట్‌మని పగులుతుంది. ఎప్పుడూ ముందు చెక్క మొదట, కుందా తర్వాత. స్క్రూలు కూడా ఎన్‌ఫీల్డ్ సొంత మరలవి. ఒకటి పోతే హార్డ్‌వేర్ కొట్లో దొరికే మిల్లీమీటరు స్క్రూ తిప్పి పెట్టకండి, రిసీవర్ మర పాడవుతుంది.

దాచే చోటు విషయానికొస్తే, రెగ్జిన్ సంచి, తోలు కవరు, స్పాంజి, మీ తాతగారి దుప్పటి, ఇవన్నీ తేమను పట్టి ఉంచేవే. బీరువాలో మూతి కిందికి వచ్చేలా నిలబెడితే మిగులు నూనె కుందా మెడలోకి కారదు, నూనె తాగిన చెక్క మెత్తబడుతుంది. 200 గ్రాముల నీలం సిలికా జెల్ బట్టసంచిలో వేయండి. గులాబీ రంగుకు తిరిగితే నిండిందని. 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్లో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ నీలమవుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకోసారి తీసి చూడాలి, మిగతా కాలం మూడు నెలలకోసారి చాలు. బోల్ట్ తీసి వేరే చోట తాళం వేయండి.

చెక్కకు వార్నిషు వద్దు, పాలిష్ వద్దు, ఇసుక కాగితం అసలే వద్దు. పెయింట్ల దుకాణంలో పచ్చి అవిసె నూనె అడగండి. మొదటి పూతకు సగానికి సగం టర్పెంటైన్ కలిపి, అరచేత్తో వేడెక్కేదాకా రుద్ది, అరగంటకు మిగులంతా తుడిచేయండి. ఒక రోజు విరామం, తర్వాత టర్పెంటైన్ లేకుండా ఇంకో రెండు మూడు పూతలు. తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి, ముద్దలోనే చేరి గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. ఒక్కో గుడ్డనూ డాబా మీద తీగకు విడదీసి ఆరేసి, గట్టిపడ్డాకే చెత్తలో వేయండి.